జంట ఫోటోకి ఏ లెన్సు?

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని అడిగినప్పుడు కార్యదర్శిగారు ఒక షరతు పెట్టారు. "డి.ఆర్. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారండీ. మీరు మాత్రం మీ కెమెరా గురించి చెప్పండి" అన్నారు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పెన్షన్ అంటే దయాదాక్షిణ్యం కాదు, మన హక్కు అని తేలిన రోజు ఇది. ఇటువంటి రోజున లెన్సుల గురించి ఉపన్యాసమేమిటని వెనక వరుసలో ఎవరైనా గొణుక్కుంటే తప్పు లేదు. కాని నేను చెప్పబోయే సంగతి పెన్షన్ ఫైలులోంచే మొదలవుతుంది కనుక కాస్త ఓపిక పట్టమని మనవి.

నా సర్వీసులో ఎక్కువ భాగం ఒక జిల్లా కార్యాలయంలో గడిచింది. అందులోనూ చాలా ఏళ్ళు పెన్షన్ల సీటు చూశాను. రిటైరయ్యే ఉద్యోగి ఇచ్చే కాగితాలన్నిటిలో నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగించింది జంట ఫోటో. నమూనా సంతకాలు, వేలిముద్రలు, పుట్టుమచ్చల వివరాలు, వాటి పక్కనే భార్యాభర్తల ఫోటో. దానిమీద ఆఫీసు అధిపతి ధ్రువీకరణ. ఆ ఫోటోలు తెచ్చి ఇస్తూ చాలామంది ఒకే మాట అనేవారు: "పెళ్ళయ్యాక మేమిద్దరం కలిసి తీయించుకున్న ఫోటో ఇదేనండీ." ముప్ఫయ్యేళ్ళు కాపురం చేసి, పిల్లల పెళ్ళిళ్ళు చేసి, గవర్నమెంటు అడిగింది కాబట్టి పక్కపక్కన కూర్చున్న మనుషులు. ఆవిడ బిగుసుకుపోయి ఉండేది, ఆయన చొక్కా పైబొత్తాం పెట్టుకుని ఉండేవాడు. బంక రాసి ఫైలులో అంటించడం నా పని. అంటించే ముందు ఒక్క క్షణం చూసేవాణ్ణి.

2008లో నేను రిటైరయ్యాక, మన సంఘంలో ఎవరింటికి వెళ్ళినా దంపతులిద్దరినీ కూర్చోబెట్టి ఒక ఫోటో తీయడం అలవాటు చేసుకున్నాను. పైసా తీసుకోను. కాఫీ మాత్రం తాగుతాను. మాన్యువల్ లెన్సా, ఆటోఫోకస్ లెన్సా అన్న ప్రశ్న నాకు ఈ పనిలోనే ఎదురైంది. దుకాణంలో ఎదురైన ప్రశ్న కాదు. దానికి జవాబు తెలుసుకునేసరికి ఒక మిత్రుడికి తీరని నష్టం చేశాను. ఆ సంగతి దాచకుండా చెబుతాను.

నా మొదటి కెమెరా ఆగ్ఫా క్లిక్ III. 120 ఫిల్ము, పన్నెండు ఫోటోలు. దానికి ఫోకస్ తిప్పే పనే లేదు. ఎండలో నిలబెట్టి నొక్కడమే. తరువాత 1979లో ఒక స్టూడియో యజమాని దగ్గర వాడిన జెనిత్-ఇ కెమెరా కొన్నాను. రష్యావాళ్ళది. ఇటుకరాయిలాగ ఉండేది. దాని ముందున్న లెన్సు పేరు హీలియోస్ 44-2; 58 మి.మీ., ఎఫ్ 2. జర్మనీ జైస్‌వారి బయోటార్ లెన్సు నమూనాలోంచి పుట్టింది. జెనిత్ ఎప్పుడో మూలపడింది. హీలియోస్ మాత్రం ఇప్పటికీ నా బీరువాలో, బియ్యపు డబ్బాలాంటి గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు క్షేమంగా ఉంది.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. ప్రైమ్ లెన్సు అంటే జూమ్ లేని లెన్సు. 50 మి.మీ. అంటే 50 మి.మీ.; మనిషి పెద్దగా కనిపించాలంటే మనమే నాలుగడుగులు ముందుకి నడవాలి. ఆ నడక మన వయసుకి మంచిదే. జూమ్ లేని కారణంగా ఇవి చిన్నవిగా, తేలికగా ఉంటాయి, తక్కువ వెలుతురులో కూడా పనిచేస్తాయి. ఎఫ్ 2, ఎఫ్ 8 అని చెప్పే అంకెలు లెన్సు లోపలి కిటికీ ఎంత తెరిచి ఉందో చెబుతాయి. అంకె చిన్నదైతే కిటికీ పెద్దది. కిటికీ పెద్దదైతే వెలుతురు ఎక్కువ వస్తుంది కాని, స్పష్టంగా కనిపించే లోతు తగ్గిపోతుంది. ఈ చివరి వాక్యం గుర్తుంచుకోండి. నన్ను ముంచింది అదే.

ఇక మిర్రర్‌లెస్ కెమెరా. పాత ఎస్.ఎల్.ఆర్.లో లెన్సు వెనక ఒక అద్దం ఉండేది. వ్యూఫైండరులోకి బొమ్మను పంపేది అదే. బటన్ నొక్కితే టపుక్కున పైకి లేచేది. 2008లో పానాసోనిక్ వారి జి1తో ఆ అద్దం లేని కెమెరాలు మొదలయ్యాయి. నేను రిటైరైన సంవత్సరమే అద్దం కూడా రిటైరవడం మొదలుపెట్టిందన్నమాట. 2018లో కేనన్, నికాన్ కూడా తమ ముఖ్యమైన మిర్రర్‌లెస్ వరసలు తెచ్చాక పాత పద్ధతి పక్కకి జరిగిపోయింది. అద్దం పోవడం వల్ల మాలాంటి పాత లెన్సుల వాళ్ళకి ఒక అదృష్టం పట్టింది. జెనిత్‌లో లెన్సు కూర్చునే చోటుకీ ఫిల్ముకీ మధ్య దూరం సుమారు 45 మి.మీ. సోనీ మిర్రర్‌లెస్‌లో లెన్సుకీ సెన్సారుకీ మధ్య 18 మి.మీ. మాత్రమే. మిగిలిన 27 మి.మీ. ఖాళీలో ఒక బోలు లోహపు గొట్టం బిగిస్తే చాలు, నా హీలియోస్ కొత్త కెమెరా మీద కూర్చుంటుంది. ఆ గొట్టాన్నే అడాప్టరు అంటారు. లోపల గాజు లేదు, వైరు లేదు. నాది వెయ్యి రూపాయల లోపే వచ్చింది.

2021లో మా మనవరాలు తాను వాడి వదిలేసిన సోనీ ఎ6400 నా చేతిలో పెట్టింది. "తాతయ్యా, దీనికి ఒక ఆటోఫోకస్ ప్రైమ్ కొనుక్కో. ఎదుటివాళ్ళ కన్ను అదే వెతికి పట్టుకుంటుంది" అని చెప్పింది. నేను వినలేదు. "నలభై ఏళ్ళు చేత్తో ఫోకస్ తిప్పినవాణ్ణి, కన్ను వెతకడానికి యంత్రం కావాలా?" అన్నాను. అడాప్టరు తెప్పించి హీలియోస్ బిగించాను. మొదట షట్టరు పడలేదు. మధ్యలో వైర్లు లేవు కనుక కెమెరా తనకు లెన్సే లేదనుకుంటుంది. మెనూలో 'లెన్స్ లేకుండా రిలీజ్' అన్న సెట్టింగు వేయాలి. ఇది తెలియక కెమెరా పాడైపోయిందనుకుని రిపేరుకి ఇచ్చినవారు కూడా ఉన్నారు, కనుక చెబుతున్నాను.

ఆ తరువాత కొన్ని నెలలు నాకు పండగే. పాత లెన్సు రింగు తిప్పుతుంటే చేతికి తగిలే ఆ నిదానం, చిక్కటి నెయ్యిలో గరిటె తిప్పినట్టు ఉంటుంది. దూరపు అంకెలు లెన్సు మీదే చెక్కి ఉంటాయి. కొత్త ఆటోఫోకస్ లెన్సుల్లో చాలావాటికి రింగు తిప్పితే గాజు నేరుగా కదలదు. రింగు ఒక వైరుకి కబురు చెబుతుంది, వైరు మోటారుకి చెబుతుంది. టపాలు ఆఫీసు నుంచి ఆఫీసుకి తిరిగినట్టే. పైగా మిర్రర్‌లెస్‌లో మాన్యువల్ ఫోకస్‌కి రెండు సాయాలున్నాయి. ఒకటి, బొమ్మని వ్యూఫైండరులోనే పెద్దది చేసి చూడటం. రెండోది ఫోకస్ పీకింగ్: స్పష్టంగా ఉన్న అంచుల మీద ఎర్రటి గీతలు మెరుస్తాయి. జెనిత్‌లో ఆ సాదా మసక గాజు మీద కళ్ళు చికిలించి చూసినవాడికి ఇది స్వర్గమే.

2022 సంక్రాంతికి, ముక్కనుమ నాడు, మా పాత సెక్షనులో నాతో పక్క సీటు చేసిన మిత్రుడి ఇంటికి వెళ్ళాను. వాకిట్లో అరుగు మీద ఇద్దరినీ కూర్చోబెట్టాను. ఆవిడ గంధం రంగు పట్టుచీర, ఎర్ర జరీ అంచు. ఆయన ఏదో అన్నాడు, ఆవిడ నవ్వింది. నవ్వుతూ కాస్త వెనక్కి వాలింది. నేను నొక్కాను. మొత్తం అయిదారు తీశాను. కెమెరా వెనక ఉన్న చిన్న తెర మీద చూస్తే అద్భుతంగా ఉన్నాయి. ఒక చిన్న ప్రింటు వేయించి ఇచ్చాను. ఇద్దరూ సంతోషించారు.

2023లో ఆవిడ పోయింది. పదోరోజుకి ముందు ఆయన నా దగ్గరికి వచ్చాడు. "ఏమండీ, మీరు తీశారు చూడండి, అరుగు మీద, అందులో మా ఆవిడ మాత్రం వచ్చేలా పెద్దది చేయించి పెట్టండి" అన్నాడు. సరేనని కంప్యూటరులో పెట్టి పెద్దది చేశాను.

మిత్రుడి మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. ఆవిడ చీర కొంగు జరీలో పోగులు లెక్కపెట్టవచ్చు. ఆవిడ ముఖం మాత్రం నీళ్ళలోంచి చూస్తున్నట్టు ఉంది. అయిదారింటిలోనూ అంతే. ఆయన నా వెనక కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను ఏమీ చెప్పక ముందే ఆయనకి అర్థమైంది. "పోనీలెండి, చిన్నది ఉందిగా" అని లేచాడు. గుమస్తా పనిలో నా చేతిలో తప్పు దొర్లితే కొర్రీ వేసి వెనక్కి పంపేవారు, దిద్ది మళ్ళీ పెట్టేవాణ్ణి. ఈ కాగితానికి ఆ వీలు లేదు.

ఆ రాత్రి నిద్రపట్టక, ఆఫీసులో ఆడిట్ అభ్యంతరానికి జవాబు రాసినట్టుగా, తప్పు ఎక్కడ జరిగిందో ఒక కాగితం మీద రాసుకున్నాను.

మొదటిది కిటికీ. హీలియోస్ 44-2 మీద ఎపర్చరుకి రెండు రింగులుంటాయి. ఒకటి హద్దు పెడుతుంది, రెండోది తెరిచి మూస్తుంది. పూర్తిగా తెరిచి ఫోకస్ చేసి, తరువాత రెండో రింగు తిప్పి ఎఫ్ 8కి మూసి, అప్పుడు నొక్కాలి. నేను మూయడం మరిచిపోయాను. జెనిత్‌లో మూయగానే వ్యూఫైండరు చీకటి పడేది, కాబట్టి తెరిచి ఉందో మూసి ఉందో కంటికే తెలిసేది. ఈ కొత్త కెమెరా మంచి మనసుతో, వెలుతురు ఎంత తగ్గినా తెరను మళ్ళీ ప్రకాశవంతం చేసి చూపిస్తుంది. కనుక నాకు హెచ్చరిక అందలేదు. పాత లెన్సు నాకు చెప్పాల్సిన మాటని కొత్త కెమెరా మింగేసింది.

అప్పుడు లోతు ఎంత ఉంటుందో లెక్క వేశాను. ఈ కెమెరా మీద 58 మి.మీ. లెన్సుతో, రెండు మీటర్ల దూరంలో కూర్చున్న మనిషిని ఎఫ్ 2 దగ్గర తీస్తే స్పష్టంగా వచ్చే లోతు మొత్తం నాలుగు అంగుళాల లోపే. అదే ఎఫ్ 8కి మూస్తే సుమారు పదిహేను అంగుళాలు. ఆవిడ నవ్వుతూ వెనక్కి వాలింది నాలుగు అంగుళాలకన్నా ఎక్కువే.

రెండోది ఎర్ర గీతలు. ఫోకస్ పీకింగ్ అన్నది కన్ను ఏదో, జరీ ఏదో ఎరగదు. ఎక్కడ గట్టి అంచు ఉంటే అక్కడ మెరుస్తుంది. ఎర్ర జరీ మీద ఎర్ర గీతలు ధగధగలాడాయి. అది చూసి ముఖం కుదిరిందనుకున్నాను. ఇప్పుడు నేను గీతల రంగు పసుపుకి మార్చుకున్నాను. అయినా దాన్ని నమ్మి ముఖాలు తీయను.

మూడోది నా కన్ను. అంతకు ముందే కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. వ్యూఫైండరు పక్కన చిన్న చక్రం ఒకటి ఉంటుంది. మన కంటి పవరుకి తగినట్టు తిప్పుకోవాలి. దాన్ని మనవరాలి కంటికి ఉన్నట్టే వదిలేశాను. మీలో కెమెరా ఉన్నవారు ఇంటికి వెళ్ళగానే చేయవలసిన మొదటి పని ఇది. మీరు మామూలుగా పెట్టుకునే కళ్ళజోడుతోనే చూస్తూ, వ్యూఫైండరులో కనిపించే అంకెలు పదునుగా వచ్చేదాకా ఆ చక్రం తిప్పండి. ఖర్చు లేదు.

కన్ను మాట వచ్చింది కాబట్టి ఒక పక్క మాట. దేవుడిచ్చిన కంటిలెన్సు ఆటోఫోకస్‌ది. దగ్గరిదానికి ఉబ్బుతుంది, దూరందానికి పలచబడుతుంది. నలభై దాటాక ఆ కండరం మాట లెన్సు వినదు, అందుకే చత్వారం. శుక్లం తీసి పెట్టే మామూలు లెన్సు అసలు కదలదు. అది పక్కా ప్రైమ్ లెన్సు, ఫోకస్ ఒకే దూరానికి పెట్టి సీలు వేసినది. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు మొట్టమొదట కంట్లో కృత్రిమ లెన్సు పెట్టాడు. ఆయన పుణ్యమా అని నేను ఈ రోజు మీ ముఖాలు చూస్తూ మాట్లాడుతున్నాను. కాని కంట్లో కదలని లెన్సు పెట్టుకుని, చేతిలో నేనే కదపాల్సిన లెన్సు పట్టుకుని, మూడోవాడి నవ్వు పట్టుకుంటానని పందెం వేశాను.

డి.ఆర్. బకాయిలు కొంత జమ అయినప్పుడు సోనీవారి 50 మి.మీ. ఎఫ్ 1.8 ఆటోఫోకస్ లెన్సు కొన్నాను. వాడిన సరుకే. మా ఆవిడ "ఉన్నది ఉండగా ఇంకొకటా?" అంది. "ఇది కొర్రీకి జవాబు" అన్నాను. విచిత్రమేమంటే, రెండిటికీ ఫిల్టరు సైజు ఒకటే, 49 మి.మీ. పాత హీలియోస్ ఫిల్టరు దీనికి సరిగ్గా సరిపోయింది. అంతవరకు డబ్బు ఆదా.

ఆ తరువాత ఒక వారం రోజులు మా ఆవిణ్ణి వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, పేపరు చదువుకోమని, పక్కింటావిడతో మాట్లాడుకోమని చెప్పి, ఒకసారి ఈ లెన్సుతో, ఒకసారి ఆ లెన్సుతో తీశాను. ప్రతిదాన్నీ కంప్యూటరులో కన్ను దగ్గర పెద్దది చేసి చూసి, రిజిస్టరులో టిక్కు పెట్టాను. ఆటోఫోకస్ తప్పినవి వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. నేను చేత్తో తిప్పినవి సగానికి సగం పోయాయి. అవి కూడా ఆవిడ కదలకుండా పేపరు చదువుతున్నప్పటివే కుదిరాయి. మాట్లాడుతున్నప్పటివి దాదాపు అన్నీ పోయాయి. కారణం తరువాత తెలిసింది. బొమ్మని పెద్దది చేసి కంటి మీద ఫోకస్ కుదిర్చి, మళ్ళీ చిన్నది చేసి, నొక్కేలోపు ఎదుటి మనిషి అంగుళమో రెండంగుళాలో ఊగుతుంది. నేనూ ఊగుతాను. నా ఎడమచేతి వణుకు సరేసరి. పాతికేళ్ళ కుర్రాడు ఈ పని అరక్షణంలో చేస్తాడు. నాకు మూడు క్షణాలు పడుతోంది.

ఆటోఫోకస్ ఎలా పనిచేస్తుందో కొంచెం చెబుతాను. ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. 1977లోనే కోనికావారు ఆటోఫోకస్ కెమెరా అమ్మారు. 1985లో మినోల్టా 7000తో ఎస్.ఎల్.ఆర్.లలో అది స్థిరపడింది. అప్పట్లో మధ్య చుక్క కిందున్న వస్తువుకి కుదిర్చేది. ఇప్పుడు నా కెమెరా సెన్సారు మీదే 425 చోట్ల దూరం కొలిచే ఏర్పాటు ఉంది. అంతేకాక బొమ్మలో మనిషి ముఖం ఏదో, అందులో కన్ను ఏదో గుర్తుపట్టి, ఆ కన్ను కదిలినా వెంటపడుతుంది. కుడి కన్నా, ఎడమ కన్నా అని కూడా మనం చెప్పవచ్చు. ఈ లెన్సులో చేతివణుకుని సర్దే ఏర్పాటు ఉంది. అది సర్దేది మన వణుకునే గాని ఎదుటివారి తల ఊపుని కాదు. దానికి షట్టరు వేగం పెంచుకోవాలి.

అలాగని దాన్ని గుడ్డిగా నమ్మడానికీ లేదు. మెడలో దండ వేసుకున్నవారిని సన్మాన సభలో తీస్తే ఒక్కొక్కసారి బంతిపూలు అద్భుతంగా వస్తాయి, ముఖం రాదు. కళ్ళజోడు మీద కిటికీ మెరుపు పడితే తికమకపడుతుంది. కటకటాల అవతల మనిషి ఉంటే కటకటాలని పట్టుకుంటుంది. దీపం వెలుతురులో ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ పోతుంది. దంపతులని తీసేటప్పుడు ఇద్దరిలో ఎవరో ఒకరి కన్నే పట్టుకుంటుంది. రెండోవారు వెనక్కి ఉంటే, కిటికీ తెరిచి ఉంటే, నా ముక్కనుమ ఫోటో గతే వాళ్ళకీ పడుతుంది. లోతు లెక్క ఏ లెన్సుకైనా ఒక్కటే. ఆ రోజు నా చేతిలో ఆటోఫోకస్ లెన్సు ఉండి ఎఫ్ 1.8 దగ్గర ఉంటే ఏమయ్యేది? మీసం బదులు ఆవిడ కళ్ళు కుదిరి మిత్రుడు మసకగా వచ్చేవాడేమో. ఆయన సంతోషించేవాడే. కనుక జంట ఫోటోకి ఏ లెన్సయినా ఎఫ్ 5.6కి తక్కువ పెట్టకండి. వీలైతే ఎఫ్ 8. ఇద్దరి భుజాలూ ఒక వరసలోకి రమ్మనండి.

మీలో ఎవరైనా మిర్రర్‌లెస్ కెమెరాకి ఒక్కటే ప్రైమ్ లెన్సు కొనదలిస్తే, నా సలహా సూటిగా చెబుతున్నాను: ఆటోఫోకస్‌దే కొనండి. కేనన్ ఆర్.ఎఫ్. 50 మి.మీ. ఎఫ్ 1.8 బరువు 160 గ్రాములు. నికాన్ జడ్ 40 మి.మీ. ఎఫ్ 2 బరువు 170. రెండూ మెడకి భారం కానివే. సోనీవారికీ, ఫ్యూజీవారికీ ఇటువంటివే ఉన్నాయి. ఒక్క జాగ్రత్త. చిన్న సెన్సారు కెమెరా మీద 50 మి.మీ. లెన్సు 75 మి.మీ. లెన్సులాగ దగ్గరగా చూపిస్తుంది. మన ఇళ్ళలోని చిన్న గదుల్లో వెనక్కి జరగడానికి గోడ అడ్డొస్తుంది. ఇంట్లో తీసేవారికి ఆ కెమెరా మీద 35 మి.మీ. నయం.

చైనా నుంచి కొత్త మాన్యువల్ ప్రైమ్‌లు చవకగా వస్తున్నాయి. జపాన్‌లో కొసీనావారు ఫోక్‌ట్‌లాండర్ పేరుతో చేసేవి నగల్లాగ ఉంటాయి, ధర కూడా నగల ధరే. మా అబ్బాయి "ఫోన్ ఉండగా ఇవన్నీ ఎందుకు నాన్నా" అంటాడు. పగటి వెలుతురులో ఫోన్ మంచిదే. కాని వెనకభాగం మసక చేస్తానని అది అమ్మమ్మల తెల్ల వెంట్రుకలని కూడా కత్తిరించేస్తోంది. నాకు ఆ వెంట్రుకలు కావాలి.

మరి హీలియోస్‌ని ఏంచేశావంటారా? అమ్మలేదు. కదలని వాటికి దాన్ని మించింది లేదు. హైదరాబాద్‌లో ఆరో నిజాం కాలంలో రాజా దీన్‌దయాళ్‌గారు నల్లగుడ్డ కింద తలపెట్టి, గాజు మీద తలకిందులుగా పడే బొమ్మకి చేత్తో ఫోకస్ కుదిర్చేవారు. కూర్చున్నవారు రాజులైనా కదలకుండా కూర్చునేవారు. నాకు అంత ఓపికగా కూర్చునేవి రాజమండ్రిలో గోదావరి పాత వంతెన లాంటివే. 1900 నుంచి 1997 దాకా రైళ్ళు మోసిన ఆ హేవ్‌లాక్ వంతెన స్తంభాలని, ట్రైపాడ్ పెట్టి, బొమ్మని పెద్దది చేసి, రాయి మీద రాయిగా ఫోకస్ చేసుకుంటూ ఒక ఉదయమంతా గడపవచ్చు. పూలు, గుడి గోపురాలు, నిద్రపోయే మునిమనవలు కూడా ఈ జాబితాలోవే. మీ ఇళ్ళలో అటకల మీద పాత ఎస్.ఎల్.ఆర్. కెమెరాలుంటే, లెన్సుని పారేయకండి. వెనకనుంచి టార్చి వేసి చూడండి. లోపల సాలెగూడులాంటి తెల్లటి పోగులు కనిపిస్తే అది బూజు. మన తీరప్రాంతపు తేమకి త్వరగా పడుతుంది. కొద్దిగా ఉంటే బాగుచేయించవచ్చు. దుమ్ము రేణువులు నాలుగు ఉంటే పట్టించుకోనక్కరలేదు.

మిత్రుడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆవిడ సంవత్సరీకం దగ్గరపడుతుండగా ఆయన తన పి.పి.ఓ. పెట్టుకున్న కవరు దేనికో తెరిస్తే, అందులో జంట ఫోటో కాపీ ఒకటి మిగిలి ఉంది. పెన్షను ప్రతిపాదనలకని ఊళ్ళో స్టూడియోలో తీయించుకున్నది. మిగతా కాపీలని నా చేత్తోనే బంక రాసి ఫైలులో అంటించాను. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. ఆ స్టూడియో ఆయన ఎవరోగాని, రెండు లైట్లు వేసి, కిటికీ బాగా మూసి, తీరిగ్గా తీశాడు. భూతద్దం పెట్టి చూస్తే ఆవిడ ముక్కుపుడక రాయి కూడా కనిపిస్తోంది.

దాన్ని హీలియోస్‌తోనే కాపీ తీశాను. లెన్సుకీ అడాప్టరుకీ మధ్య ఎక్స్‌టెన్షన్ ట్యూబు వేసి, కెమెరాని స్టాండుకి బిగించి, ఉత్తరపు కిటికీ పక్కన, ఫోటో మీద మెరుపు పడకుండా కెమెరా చుట్టూ నల్లగుడ్డ కప్పి, ఎఫ్ 8కి మూశాను. ఈసారి మూశానా లేదా అని రెండుసార్లు చూసుకున్నాను. బొమ్మని పెద్దది చేసి ముక్కుపుడక రాయి మీద ఫోకస్ పెట్టాను. రెండు సెకన్ల టైమరు పెట్టి చేతులు తీసేశాను. ఆ రాయి ఎక్కడికీ పోలేదు, నా చేతి వణుకుతో దానికి పని లేదు. ఎనిమిది పది సైజులో వచ్చింది. ఇప్పుడు వారి ముందుగదిలో ఉంది. అందులో ఆవిడ నవ్వడం లేదు, బిగుసుకుని కూర్చుంది. ఆయన అప్పుడప్పుడు దానివైపు చూసి, "ఆ రోజు అరుగు మీద నవ్వింది కదండీ" అంటాడు. అవునంటాను.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. భోజనానికి ముందు అరగంట వ్యవధి ఉంది. బయట వేపచెట్టు నీడలో రెండు కుర్చీలు వేయించాను. కెమెరాకి ఆటోఫోకస్ లెన్సు బిగించి, ఎఫ్ 8 పెట్టి ఉంచాను. జంటగా వచ్చినవారు వరసగా రావలసిందిగా కోరుతున్నాను. ఆడవాళ్ళు తల దువ్వుకోవాలంటే కార్యాలయం గదిలో అద్దం ఉంది.